ఇంట్లో తుపాకీ, ఎదిగే పిల్లలు: తరచుగా అడిగే ప్రశ్నలు

చిన్నపిల్లలకు తుపాకీ గురించి ఎప్పుడు చెప్పాలి, ఎలా చెప్పాలి, ఎంతవరకు చెప్పాలి అన్న సందేహాలు తల్లిదండ్రుల నుంచి మళ్ళీ మళ్ళీ వస్తున్నందువల్ల ఈ పేజీని సిద్ధం చేశాను. ప్రశ్నలను వారు అడిగిన మాటల్లోనే ఉంచాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా అర్థమయ్యేలా రాశాను కనుక మీకు అవసరమైన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళవచ్చు. అన్ని జవాబుల వెనుకా ఒకే నమ్మకం ఉంది: పిల్లలను కాపాడే భారం పెద్దలదే, పిల్లలకు నేర్పే పాఠం ఆ కాపలాకు తోడు మాత్రమే.

## పిల్లలకు చెప్పడానికి ముందు

తుపాకీ ముట్టుకోకూడదని మా అబ్బాయికి బాగా నేర్పాను. ఇంకా తాళం కూడా వేయాలా?

వేయాలి. ఈ ప్రశ్నకు అమెరికాలో 2001లో వెలువడిన ఒక అధ్యయనం స్పష్టమైన సమాధానం ఇచ్చింది. ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ మధ్య వయసున్న 64 మంది అబ్బాయిలను ఇద్దరిద్దరుగా, ముగ్గురు ముగ్గురుగా 29 జట్లు చేసి ఒక గదిలో పావుగంట సేపు వదిలిపెట్టారు. ఆ గదిలోని సొరుగుల్లో నీళ్ళ తుపాకులతో పాటు పేలకుండా చేసిన ఒక అసలైన పిస్టల్ కూడా ఉంది. 21 జట్లకు అది కనిపించింది. వాటిలో 16 జట్లు దాన్ని చేతిలోకి తీసుకున్నాయి. పది జట్లలో ఎవరో ఒకరు ట్రిగ్గర్ కూడా నొక్కారు. తుపాకీని పట్టుకున్న అబ్బాయిల్లో నూటికి తొంభై మందికి పైగా అంతకుముందు ఏదో ఒక రూపంలో తుపాకీ జాగ్రత్తలు విన్నవారే. ఆ పిల్లలు చెడ్డవారు కారు, మాట విననివారూ కారు. కొత్త వస్తువు కంటపడినప్పుడు, పక్కన స్నేహితుడు ఉన్నప్పుడు, నేర్చుకున్న మాట కంటే కుతూహలానికే బలం ఎక్కువ. మీ అబ్బాయి మీద మీకున్న నమ్మకాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అతని ప్రాణాన్ని ఆ నమ్మకానికి పందెంగా పెట్టవద్దని మాత్రమే చెబుతున్నాను.

మా పాపకు మూడేళ్ళే. ఆ చిన్న వేళ్ళకు ట్రిగ్గర్ నొక్కేంత బలం ఉంటుందా?

ఉండవచ్చు. పెద్దవాళ్ళలా ఒక్క చూపుడువేలితో కాకుండా పిల్లలు రెండు వేళ్ళతోనో, రెండు బొటనవేళ్ళతోనో నొక్కుతారు. అలా నొక్కేటప్పుడు కొందరు తుపాకీని తమ వైపే తిప్పి పట్టుకుంటారు. 1995లో పిల్లల వేళ్ళ బలాన్ని కొలిచి చూసినప్పుడు మూడు, నాలుగేళ్ళ పిల్లల్లో దాదాపు నాలుగో వంతు మందికి, ఏడెనిమిదేళ్ళ పిల్లల్లో సుమారు తొంభై శాతం మందికి చాలా చేతితుపాకులను పేల్చగలిగేంత బలం ఉన్నట్టు తేలింది. కాబట్టి బలం చాలదన్న ఊహను ఒక రక్షణగా లెక్కలోకి తీసుకోకండి.

బీరువా పైన, బట్టల వెనుక దాచాను. ఎక్కడుందో పిల్లలకు తెలియదు కదా?

తెలియదని మీరు అనుకుంటున్నారు. అమెరికాలో 2006లో వెలువడిన ఒక పరిశీలనలో తల్లిదండ్రులను, పిల్లలను విడివిడిగా ప్రశ్నించారు. తుపాకీ దాచిన చోటు పిల్లలకు తెలియదని చెప్పిన తల్లిదండ్రుల్లో 39 శాతం మంది విషయంలో పిల్లలు ఆ చోటు తమకు తెలుసన్నారు. మా పిల్లవాడు ఎన్నడూ దాన్ని ముట్టుకోలేదని చెప్పినవారిలో 22 శాతం మంది పిల్లలు తాము ముట్టుకున్నామన్నారు. పండుగకు కొన్న మిఠాయిని, పుట్టినరోజు కానుకను ఎక్కడ దాచినా వెతికి పట్టుకునే పిల్లల గురించే మనం మాట్లాడుకుంటున్నాం. కుర్చీ జరుపుకొని ఎక్కడం వచ్చిన పిల్లలకు ఎత్తు కూడా అడ్డం కాదు. దాచడం వేరు, తాళం వేయడం వేరు.

ఇంట్లో తుపాకీని ఎలా భద్రపరిస్తే సరైనట్టు?

తుపాకీలో తూటాలు లేకుండా తీసి, దాన్ని తాళం వేసి ఉంచాలి. తూటాలను మరోచోట, వేరే తాళం వేసి ఉంచాలి. 2005లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనం ఈ నాలుగు అలవాట్లనూ, అంటే ఖాళీగా ఉంచడం, తాళం వేయడం, తూటాలను వేరుగా పెట్టడం, వాటికీ తాళం వేయడం అన్నవాటిని, విడివిడిగా పరిశీలించింది. ఇరవై ఏళ్ళలోపు వారు తమను తాము గాయపరచుకోవడం గాని, ప్రమాదవశాత్తు కాల్పులు జరగడం గాని తక్కువగా ఉండటానికి ప్రతి ఒక్క అలవాటుకూ సంబంధం ఉన్నట్టు కనుగొంది. నాలుగూ పాటించలేనివారు ఒక్కటైనా పాటించడం నయమే అయినా, చిన్నపిల్లలున్న ఇంట్లో నాలుగూ పాటించాలనే నేను అంటాను.

తాళాల్లో రకాలున్నాయి. ట్రిగ్గర్‌కు బిగించే తాళం, గొట్టంలోంచో ఛాంబర్‌లోంచో (పేలే ముందు తూటా ఉండే అర) దూర్చి వేసే కేబుల్ తాళం తేలికగా దొరుకుతాయి. ట్రిగ్గర్ తాళాన్ని తూటాలున్న తుపాకీకి ఎప్పుడూ బిగించకూడదు. బిగించేటప్పుడే పేలే ప్రమాదం ఉంది. గోడకో నేలకో బిగించిన ఇనుప పెట్టె వీటన్నిటికంటే గట్టిది, ఎందుకంటే తుపాకీ అసలు కంటికే కనపడదు. ఇక తాళంచెవి మాట: దాన్ని పూజగదిలోనో, ఫ్రిజ్ మీదనో, అందరికీ తెలిసిన కొక్కేనికో వదిలితే తాళం వేసీ వేయనట్టే. చెవి మీ దగ్గరే ఉండాలి, అంకెల తాళమైతే ఆ అంకెలు పుట్టినతేదీలు కాకూడదు.

ఆత్మరక్షణ కోసం పెట్టుకున్నాను. తాళం వేస్తే అవసరానికి అందుతుందా?

ఈ భయం నిజమైనదే, దీన్ని కొట్టిపారేయడం సరికాదు. వేలిముద్రతోనో, నాలుగైదు మీటలతోనో కొద్ది క్షణాల్లో తెరుచుకునే చిన్న పెట్టెలు ఇందుకోసమే ఉన్నాయి. తుపాకీ మీ ఒంటి మీద, మీ అదుపులో ఉండాలి, లేకపోతే తాళంలో ఉండాలి. తలగడ కింద, పడక పక్కన సొరుగులో ఉంచడమన్నది ఈ రెండింటిలో ఏదీ కాదు. దొంగ వచ్చే రాత్రి రావచ్చు, రాకపోవచ్చు, కానీ పిల్లలు ఆ గదిలోకి రోజూ వస్తారు.

మ్యాగజైన్ తీసేశాను. ఇక అది ఖాళీయే కదా?

కాకపోవచ్చు. చాలా పిస్టళ్ళలో మ్యాగజైన్, అంటే తూటాలు నింపి పిడిలో దూర్చే డబ్బా, తీసేసిన తర్వాత కూడా ఛాంబర్‌లో ఒక తూటా మిగిలి ఉండే అవకాశముంది, ట్రిగ్గర్ నొక్కితే అది పేలుతుంది. మ్యాగజైన్ తీసి, స్లయిడ్ (పిస్టల్ పైన వెనక్కీ ముందుకీ జరిగే భాగం) వెనక్కి లాగి, ఛాంబర్‌ను కళ్ళతో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకున్నాకే అది ఖాళీ అనుకోవాలి. ఆ పని చేసేటప్పుడు గొట్టం మూతి మనుషులు లేని వైపే ఉండాలి, పిల్లలు ఆ గదిలో ఉండకూడదు.

## చెప్పడం మొదలుపెట్టేటప్పుడు

ఏ వయసు నుంచి చెప్పాలి?

తుపాకీ అంటే ఏమిటని పిల్లవాడు అడిగిన రోజున, లేదా బొమ్మతోనో పుల్లతోనో "ఢాం ఢాం" అని ఆడటం మొదలుపెట్టిన రోజున చెప్పడం మొదలుపెట్టవచ్చు. చాలామంది పిల్లల్లో ఇది మూడు, నాలుగేళ్ళకు వస్తుంది. అంతకంటే చిన్నవారికి చెప్పినా నిలవదు. వారి విషయంలో చేయగలిగింది అందకుండా చేయడం ఒక్కటే.

ఏ మాటలతో చెప్పాలి? ఎక్కువ చెబితే అర్థం కాదేమో.

నాలుగు చిన్న మాటలు చాలు: ఆగు, ముట్టుకోకు, అక్కడి నుంచి వెళ్ళిపో, పెద్దవాళ్ళకు చెప్పు. అమెరికాలో తుపాకీ హక్కులను సమర్థించే సంఘమైన నేషనల్ రైఫిల్ అసోసియేషన్ 1988లో 'ఎడ్డీ ఈగిల్' అనే గద్ద బొమ్మతో ఈ క్రమాన్ని ప్రచారంలోకి తెచ్చింది. తుపాకులను సమర్థించేవారు, వ్యతిరేకించేవారు అన్న తేడా లేకుండా పిల్లలకు నేర్పవలసిన క్రమం ఇదేనని చాలామంది ఒప్పుకుంటారు.

ఈ నాలుగింటిలో ప్రతి మాటకూ ఒక కారణం ఉంది. 'ఆగు' అన్నది కుతూహలం చేతులదాకా పాకకుండా ఒక క్షణం ఆపుతుంది. 'ముట్టుకోకు' అన్నది తీసి పక్కన పెట్టడానికి కూడా, పెద్దలకు తెచ్చి ఇవ్వడానికి కూడా వర్తిస్తుంది. మంచి పిల్లలే సాయం చేద్దామని పట్టుకొచ్చే ప్రమాదం ఉంది కనుక ఈ సంగతి విడమరిచి చెప్పండి. 'వెళ్ళిపో' అన్నది అందరిలోకీ ముఖ్యమని నా అభిప్రాయం, ఎందుకంటే తాను ముట్టుకోకపోయినా పక్కనున్న పిల్లవాడు ముట్టుకోవచ్చు. 'చెప్పు' అన్నప్పుడు ఎవరికి చెప్పాలో పేరుపెట్టి చెప్పండి: అమ్మకు, నాన్నకు, అమ్మమ్మకు, టీచర్‌కు. 'పెద్దవాళ్ళు' అంటే పదేళ్ళ అన్నయ్య కూడా పెద్దవాడేనని నాలుగేళ్ళ పిల్ల అనుకుంటుంది.

భయపెట్టకుండా ఎలా చెప్పాలి? రాత్రిళ్ళు ఉలిక్కిపడుతుందేమోనని సందేహిస్తున్నాను.

రోడ్డు దాటేటప్పుడు చేయి పట్టుకోవాలని, పొయ్యి దగ్గరికి వెళ్ళకూడదని ఏ గొంతుతో చెబుతారో ఆ గొంతుతోనే చెప్పండి. "అది పెద్దవాళ్ళ వస్తువు, దాని వల్ల దెబ్బ తగులుతుంది, కనపడితే పరుగున వచ్చి నాతో చెప్పు" అన్న మాటల్లో భయమూ లేదు, అబద్ధమూ లేదు. రక్తం, చావు, టీవీలో వచ్చిన వార్తల ప్రస్తావన అక్కర్లేదు. చనిపోతారా అని పిల్లలు తామే అడిగితే మాత్రం దాటవేయకుండా, చాలా గట్టి దెబ్బ తగిలితే చనిపోతారని, అందుకే మనం ఇంత జాగ్రత్తగా ఉంటామని చెప్పండి.

ఒకసారి చూపించి, పట్టుకోనిస్తే కుతూహలం తీరిపోతుంది కదా?

చాలామంది నాన్నలు ఈ మాట నిజాయితీగానే అంటారు, తమ నాన్నలు తమకు అలాగే నేర్పారని కూడా చెబుతారు. చిన్నపిల్లల విషయంలో నేను దీనితో ఏకీభవించను. పట్టుకోనిచ్చిన వస్తువు తనకు తెలిసిన వస్తువైపోతుంది. నాన్న పక్కన ఉండగా పట్టుకోవచ్చు, లేనప్పుడు పట్టుకోకూడదు అన్న సన్నటి గీత ఐదేళ్ళ పిల్లవాడి మనసులో నిలవదు. పెద్దయ్యాక, నేర్చుకోవాలనుకుంటే, అనుభవజ్ఞుడి పర్యవేక్షణలో నేర్పే శిక్షణ వేరే సంగతి.

బొమ్మ తుపాకులతో ఆడుకోనివ్వవచ్చా?

ఇది ఇంటింటికీ వేరుగా ఉండే నిర్ణయం. ఆడుకోనివ్వాలనుకుంటే, అసలు తుపాకీని పోలినవి కాకుండా ముదురు రంగుల్లో, చూడగానే బొమ్మ అని తెలిసేవి ఎంచుకోండి. మనిషి ముఖానికి గురిపెట్టకూడదన్న నియమం ఆటలో కూడా పెట్టండి. నకిలీ తుపాకీ చివర నారింజ రంగు ముక్క ఉండాలని అమెరికాలో చట్టం ఉంది, కానీ అసలు తుపాకీకి కూడా ఎవరైనా రంగు వేయవచ్చు. అందుకని రంగును బట్టి గుర్తుపట్టడం పిల్లలకు నేర్పకండి. "అసలుదో బొమ్మో తెలియకపోతే అసలుదే అనుకో" అని నేర్పండి. ఇక పెల్లెట్లు (చిన్న గుండ్లు) వచ్చే ఎయిర్‌గన్‌ను బొమ్మల లెక్కలో వేయవద్దు, అది కన్ను పోగొట్టగలదు.

టీవీలో, వీడియో గేముల్లో రోజూ చూస్తూనే ఉంటాడు. మేం చెప్పేది పనిచేస్తుందా?

తెర మీద కాల్పుల్లో పడిపోయిన మనిషి మళ్ళీ లేచి వస్తాడు, ఆటలోనైతే ప్రాణాలు మళ్ళీ నిండుతాయి. చిన్నపిల్లలకు ఈ తేడా దానంతటదే తెలియదు. పక్కన కూర్చుని చూసేటప్పుడు "ఇది నటన, నిజంగా అయితే ఆయన లేవలేరు, ఆయన ఇంట్లోవాళ్ళు చాలా ఏడుస్తారు" అని ఒక్క మాట అనండి. మీరు ఆ మాట చెప్పగలిగే చోట కూర్చుని ఉండటమే ఇక్కడ కావలసింది.

మా ఇంట్లో తుపాకీయే లేదు. మాకెందుకు ఇదంతా?

మీ పిల్లలు మీ ఇంట్లోనే ఉండిపోరు కనుక. తుపాకీ లేని ఇల్లే పిల్లలకు అన్నిటికంటే భద్రమని అమెరికన్ పిల్లల వైద్యుల సంఘం కూడా చెబుతోంది. ఆ భద్రత మీ గడప వరకే పనిచేస్తుంది. తుపాకీని ఎన్నడూ చూడని పిల్లలకు అది దొరికితే బొమ్మ అనుకోవడం మరీ తేలిక.

## నేర్పినది నిలబెట్టేందుకు

అడిగితే గడగడా అప్పజెబుతున్నాడు. నిజంగా అలా చేస్తాడంటారా?

అప్పజెప్పడం, చేయడం వేర్వేరు విద్యలు. ప్రవర్తనా శాస్త్రవేత్త రేమండ్ మిల్టెన్‌బర్గర్, ఆయన సహచరులు 2004లో ప్రచురించిన పరిశోధనలు దీన్నే చూపించాయి. నాలుగైదేళ్ళ పిల్లలకు తుపాకీ పాఠం చెప్పి అడిగితే చక్కగా చెప్పారు. నటించి చూపించమంటే, స్వయంగా సాధన చేసిన పిల్లలు మిగతావారికంటే బాగా చేసి చూపించారు. తీరా తమను ఎవరూ చూడటం లేదనుకున్నప్పుడు పేలకుండా చేసిన తుపాకీ ఎదురైతే, నేర్చుకున్న నియమం చాలామందికి పనికిరాలేదు. ఆ తప్పు జరిగిన చోటనే, జరిగిన క్షణంలోనే శిక్షకుడు లోపలికి వచ్చి, అక్కడికక్కడ పలుమార్లు సాధన చేయించినప్పుడు ఎక్కువమంది పిల్లలు సరిగా చేయడం నేర్చుకున్నారు.

ఇంట్లో దీని నుంచి తీసుకోవలసిందేమిటంటే, పాఠాన్ని కూర్చోబెట్టి చెప్పడంతో ఆపకుండా ఒళ్ళు కదిలేలా చేయించాలి. అట్టతో కత్తిరించిన తుపాకీ బొమ్మనో, కాగితం మీద గీసిన చిత్రాన్నో సోఫా మీద పెట్టండి. పిల్లవాడు గదిలోకి వచ్చి, చూసి, ఆగి, చేతులు వెనక్కి పెట్టుకొని, బయటికి నడిచి, మీ దగ్గరికొచ్చి చెప్పాలి. ముందు మీరు చేసి చూపండి, తర్వాత అతనితో చేయించండి, సరిగా చేసినప్పుడు మనస్ఫూర్తిగా మెచ్చుకోండి. మరునాడు వంటగదిలో, ఆ తర్వాత పడకగదిలో, ఇంకోసారి స్నేహితుడు పక్కన ఉండి "రా, చూద్దాం" అని పిలుస్తున్నట్టు నటిస్తుండగా చేయించండి. స్నేహితుడి పిలుపును కాదనడమే పిల్లలకు కష్టమైన భాగం, సాధన ఎక్కువగా దాని మీదే జరగాలి.

ఖాళీ తుపాకీని ఎక్కడైనా పెట్టి, ఏం చేస్తాడో చాటుగా చూడవచ్చా?

వద్దు. పరిశోధకులు పేలే వీలే లేకుండా చేసిన ఆయుధాలను వాడారు, పిల్లల తల్లిదండ్రుల అనుమతి తీసుకున్నారు, అనుక్షణం కాపలా ఉన్నారు. ఖాళీ అనుకున్న తుపాకులతోనే ఎన్నో ప్రమాదాలు జరిగాయి. పైగా ఇంట్లోవాళ్ళు పెట్టిన వల అని పిల్లవాడికి తెలిస్తే, మీతో చెప్పడానికి వెనకాడతాడు.

పిల్లల వీడియోలు చూపిస్తే సరిపోతుందా?

కొంత మేలు చేస్తాయి. 2023లో వచ్చిన ఒక ప్రయోగంలో ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ పిల్లలకు ఒక నిమిషం నిడివి గల తుపాకీ జాగ్రత్తల వీడియో చూపించారు. వారం తర్వాత పేలకుండా చేసిన తుపాకీ కంటపడినప్పుడు, వేరే వీడియో చూసినవారికంటే వీరిలో పెద్దలకు చెప్పినవారు ఎక్కువగా, ముట్టుకున్నవారు తక్కువగా ఉన్నారు. అయినా చూసిన పిల్లల్లో కూడా ముట్టుకున్నవారు చాలామందే ఉన్నారన్నది మరిచిపోకూడదు.

ఒకసారి నేర్పితే చాలా, మళ్ళీ మళ్ళీ గుర్తు చేయాలా?

కొన్ని నెలలకొకసారి గుర్తు చేయండి. సెలవులకు ఊరెళ్ళే ముందు, కొత్త స్నేహితుడి ఇంటికి పంపే ముందు, ఇంట్లో చుట్టాలు దిగినప్పుడు రెండు నిమిషాలు కేటాయిస్తే చాలు.

## గడప దాటినప్పుడు

ఆడుకోవడానికి పంపే ఇంటివాళ్ళను "మీ ఇంట్లో తుపాకీ ఉందా" అని ఎలా అడగను? ఏమనుకుంటారో!

ఈ మొహమాటం అందరికీ ఉంది. అమెరికాలో 'ఆస్క్' అనే పేరుతో ఇదే ప్రశ్నను అలవాటు చేసే ప్రచారం 2000 నుంచి నడుస్తోంది. అక్కడి పిల్లల వైద్యుల సంఘం కూడా అందులో చేయి కలిపింది. అడిగే విధానంలో తీర్పు ధ్వనించకుండా ఉంటే చాలు. "మా వాడికి వేరుశనగ పడదు, కుక్కలంటే భయం. అన్నట్టు, వాడు చేతికందిన ప్రతిదీ పట్టుకుంటాడండీ, మీ ఇంట్లో తుపాకీ ఉంటే తాళంలోనే ఉంటుంది కదా?" అని మిగతా జాగ్రత్తలతో కలిపి అడగండి. ముఖాముఖి కష్టమనిపిస్తే ఫోన్‌లో సందేశం పంపండి. జవాబు మీకు తృప్తి కలిగించకపోతే నిష్ఠూరమాడకుండా "ఈసారి మా ఇంట్లోనే ఆడుకోనిద్దాం" అనండి. అన్న ఇంట్లోనైనా, అత్తగారింట్లోనైనా ఇదే ప్రశ్న అడగాలి; దగ్గరివాళ్ళ దగ్గరే మనం అడగడం మానేస్తాం.

మా ఇంటికి వచ్చిన బంధువు తుపాకీతో వచ్చాడు. ఏమనాలి?

రాకముందే చెప్పడం తేలిక. "ఇంట్లో పిల్లలున్నారు, తూటాలు తీసి ఈ పెట్టెలో పెట్టి తాళం వేద్దాం బాబాయ్" అని చోటు కూడా మీరే చూపండి. చేతిసంచిలో, కోటు జేబులో, కారు సొరుగులో వదిలే తుపాకీ పిల్లల చేతికి తేలికగా అందుతుంది కనుక, వాటి గురించి ప్రత్యేకంగా అడగండి.

స్నేహితుడు "ఎవరికీ చెప్పకు" అని చూపిస్తే మా పిల్ల చెబుతుందా?

రహస్యం గురించిన నియమాన్ని ముందే నేర్పితే చెబుతుంది. ఎవరికైనా దెబ్బ తగిలే అవకాశమున్న సంగతి రహస్యం కాదని, దాన్ని చెప్పడం చాడీ కాదని స్పష్టంగా చెప్పండి. ఏ ఇంటి నుంచైనా, ఏ సమయంలోనైనా ఫోన్ చేస్తే ప్రశ్నలు అడగకుండా వచ్చి తీసుకెళతామని మాట ఇవ్వండి, ఇచ్చిన మాట నిలబెట్టుకోండి.

## జరగకూడనిది ఎదురైనప్పుడు

పిల్లవాడు తుపాకీ పట్టుకొని కనిపిస్తే వెంటనే ఏం చేయాలి?

అరవకండి, మీదికి దూకి లాక్కోకండి. ఉలికిపాటుకు వేళ్ళు బిగుసుకుంటాయి. గొట్టం మూతికి ఎదురుగా లేకుండా పక్కకు జరిగి, మామూలు గొంతుతో "నాన్నా, దాన్ని మెల్లగా కింద పెట్టు, పెట్టి నా దగ్గరికి రా" అనండి. మీ చేతికి ఇమ్మని అడగవద్దు, ఇవ్వబోయేటప్పుడు మూతి మీ వైపు తిరుగుతుంది. మిగతా పిల్లలను గది బయటికి పంపించండి. తుపాకీని స్వాధీనం చేసుకొని, ఖాళీ చేసి, తాళం వేశాకే ఏం జరిగిందని అడగండి. ఆ సాయంత్రమే తుపాకీ ఉంచే చోటు మార్చండి.

తుపాకీ గాయమైతే వైద్యం అందేలోపు ఏం చేయాలి?

తుపాకీని అందరికీ దూరంగా పెట్టి, అత్యవసర సహాయానికి ఫోన్ చేయించండి. శుభ్రమైన గుడ్డను గాయం మీద పెట్టి రెండు చేతులతో గట్టిగా నొక్కండి. రక్తం ఆగిందా అని మాటిమాటికీ తీసి చూడవద్దు, తడిసిపోతే దాని మీదే ఇంకో గుడ్డ వేయండి. చేతి నుంచో కాలి నుంచో రక్తం ఆగకుండా పోతుంటే గాయానికి రెండు మూడు అంగుళాల పైన, కీలు మీద కాకుండా, టూర్నికే (రక్తం ఆగేలా బిగించే పట్టీ) బిగించి, బిగించిన సమయం రాసిపెట్టండి. తినడానికి, తాగడానికి ఏమీ ఇవ్వకండి. ఎయిర్‌గన్ దెబ్బ కంటికి తగిలితే కన్ను నలపకుండా, నొక్కకుండా, కాగితపు కప్పు లాంటిది పైన ఆనించి ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఇంట్లో పెద్దబ్బాయి మనసు ఈమధ్య బాగా కుంగిపోయి ఉంది. చిన్నవాళ్ళ కోసం వేసిన తాళం అతనికీ చాలుతుందా?

చాలదు. తాళంచెవి ఎక్కడుందో, అంకెలేమిటో పెద్దపిల్లలు తెలుసుకోగలరు. అలాంటి రోజుల్లో తుపాకీని కొంతకాలం ఇంట్లోనే లేకుండా చేయడం, చట్టం అనుమతించే చోట నమ్మకమైన వ్యక్తికో సంస్థకో అప్పగించడం మేలు. చనిపోవాలన్న ఆలోచన చాలామందిలో ఉధృతంగా వచ్చి కొద్దిసేపటికి తగ్గుతుంది. ఆ కొద్దిసేపు ప్రాణాంతకమైన వస్తువు అందకపోవడమే ఎందరినో బతికించింది. అతన్ని సూటిగా, ప్రేమగా అడగండి, వెంటనే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళండి.

మా పాప "నాన్నా, అక్కడ తుపాకీ ఉంది" అని వచ్చి చెప్పింది. మరిచిపోయి వదిలేసింది నేనే. ఆమెతో ఏమనాలి?

చేస్తున్న పని ఆపి ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "నువ్వు ముట్టుకోకుండా వచ్చి చెప్పావు, చాలా మంచి పని చేశావు" అనండి. ఆ గదిలోకి ఎందుకు వెళ్ళావని అడగకండి. ఆ ఒక్క ప్రశ్నతో ఇంకోసారి చెప్పడం మానేస్తుంది. వెళ్ళి తుపాకీని తాళంలో పెట్టి వచ్చాక, తప్పు తనది కాదని, మీదేనని ఆమెతో చెప్పండి.